కొత్తగా మొదలుపెట్టేవారికి ఏ వేప్ మంచిది?



కొన్ని వారాల క్రితం పిట్లం దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి తన కొడుకును దగ్గు చూపించడానికి తీసుకొచ్చింది. అబ్బాయికి ఇరవై ఏళ్లు ఉంటాయి. రోజుకు ఏడెనిమిది సిగరెట్లు తాగుతాడు. తల్లి చీటీ పట్టుకొని మందుల కోసం బయటికి వెళ్లగానే అతడు జేబులోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి రంగురంగుల ప్లాస్టిక్ గొట్టం. రెండోది పెన్‌డ్రైవ్ ఆకారంలో ఉంది.

"మా బావ దుబాయి నుంచి ఛుట్టీకి వచ్చిండు సార్. సిగరెట్ ఇడిసిపెట్టాల్నంటే ఇవి తాగుమన్నడు. కొత్తగా మొదలువెట్టేటోనికి ఇండ్ల ఏది మంచిది?" అని అడిగాడు.

మేము అతణ్ణి కోప్పడలేదు. సిగరెట్ మానాలని అనుకున్నవాడు అడిగిన ప్రశ్న అది. మన ప్రాంతంలో గల్ఫ్‌కు వెళ్లిన మనిషి లేని కుటుంబాలు తక్కువ. యు.ఎ.ఇ.లో 2019 నుంచి ఈ-సిగరెట్ల అమ్మకానికి అనుమతి ఉంది. అక్కడ దుకాణంలో దొరికే వస్తువు కాబట్టి మనవాళ్లకు అందులో తప్పేమీ కనిపించదు. ఇలాంటి ప్రశ్న మరికొన్ని ఇళ్లలోనూ వస్తుందనే ఉద్దేశంతో ఆ తమ్మునికి చెప్పిన జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

మా అభిప్రాయం ముందే చెబుతాము. పొగ అలవాటు లేనివారికి వీటిలో మంచిది ఒక్కటీ లేదు. అలవాటు ఉండి మానాలనుకునేవారికి మన దేశంలో ఇంతకంటే నమ్మదగిన దారులు ఉన్నాయి.

లోపల ఏముంది?

ఏ రకమైనా పని చేసే తీరు ఒకటే. ఒక బ్యాటరీ, ఒక సన్నని తీగచుట్ట, దాని చుట్టూ దూది, అందులోకి పీల్చుకునే ద్రవం. తీగ వేడెక్కితే ద్రవం ఆవిరిలాంటి పొగమంచుగా మారుతుంది. ద్రవంలో ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసనలు, చాలావాటిలో నికోటిన్ ఉంటాయి. ఇందులో పొగాకు కాలదు. అందువల్ల సిగరెట్ పొగలో ఉండేంత తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో ఉండవు. ఈ మాట నిజమే, ఒప్పుకోవాలి. అయితే ఆ ఆవిరి ఉత్త నీటి ఆవిరి కాదు. అతి సన్నని కణాలు, తీగ నుంచి వచ్చే లోహాల అంశాలు, తీగ మరీ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ కూడా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక రకాల విషయం.

మొదటిది, వాడి పారేసే రకం. నింపే పని లేదు, నేర్చుకునేది లేదు. మామిడి, పుచ్చకాయ వంటి వాసనలు. కొత్తవారికి ఇదే సులువని చెబుతారు. కొత్తవారిని త్వరగా పట్టుకునేది కూడా ఇదే. పెట్టె మీద 2 శాతం అని ఉంటే ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల నికోటిన్ అని అర్థం. 2 మిల్లీలీటర్ల గొట్టంలో 40 మిల్లీగ్రాములు. 5 శాతం ద్రవం 10 మిల్లీలీటర్లు పట్టే గొట్టమైతే 500 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్ తాగితే ఒంట్లోకి చేరే నికోటిన్ సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. పైగా సిగరెట్ కాలిపోతే అయిపోయిందని తెలుస్తుంది. ఈ గొట్టం రోజంతా నోటి దగ్గరే ఉంటుంది, ఎంత పీల్చామో లెక్క ఉండదు. పిల్లల చేతికి పోతున్నాయని, చెత్త పెరుగుతున్నదని బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి ఈ రకం అమ్మకాన్ని నిషేధించింది.

రెండోది పాడ్. చిన్న గుళిక మార్చుకుంటారు, లేదా నింపుకుంటారు. ఇందులో ఎక్కువగా వాడే నికోటిన్‌ను ఒక ఆమ్లంతో కలిపి గొంతు గీరకుండా చేస్తారు. మొదటి బీడీ తాగిన పిల్లవానికి దగ్గు ముంచుకొస్తుంది. ఆ దగ్గు శరీరం ఇచ్చే హెచ్చరిక. పాడ్‌లో ఆ హెచ్చరిక కూడా ఉండదు.

మూడోది పెద్ద ట్యాంకు రకం. బ్యాటరీ విడిగా, ద్రవం సీసా విడిగా ఉంటాయి. నాసిరకం బ్యాటరీలు జేబులో, ఛార్జింగ్‌లో పేలి కాలిన గాయాలైన సంఘటనలు ఇతర దేశాలలో నమోదయ్యాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసా మరింత ప్రమాదం. తీయని వాసన చూసి కొంచెం మింగినా నికోటిన్ విషమై ప్రాణం మీదికి వస్తుంది.

పొగాకునే వేడి చేసే పరికరాలు మరో రకం. వాటిలో ఉండేది పొగాకే కాబట్టి వేరే చెప్పనక్కర లేదు.

ఏ రకం నికోటిన్ అయినా ఎదిగే వయసు పిల్లల మెదడుకు, కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్, అదే డిసెంబర్‌లో చట్టం వచ్చాయి. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. అమ్మకానికి నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా ఉన్నాయి. ప్రేమతో బావమరిదికి తెచ్చే వస్తువు బావను చిక్కుల్లో పడేస్తుందని గల్ఫ్‌లో ఉన్నవారికి చెప్పండి.

నిషేధం ఉంది కాబట్టి ఇక్కడ దొరికేదంతా దొంగచాటు సరుకే. పెట్టె మీద రాసింది నిజమో కాదో పరీక్షించేవారు లేరు. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న జబ్బు వచ్చింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు, మరణాలు 68. వారిలో ఎక్కువమంది పీల్చినది గంజాయి మత్తు పదార్థం కలిపిన నూనె. అందులో కల్తీగా చేరిన విటమిన్-ఇ ఎసిటేట్‌ను ముఖ్య కారణంగా గుర్తించారు. మామూలు నికోటిన్ ద్రవాన్ని దానితో ఒకే గాట కట్టము. అయితే దొంగచాటున కొన్నవారికి తాము ఏం పీలుస్తున్నారో తెలియలేదన్నది మనం మరువకూడదు.

"బ్రిటన్‌లో సిగరెట్ మానడానికి డాక్టర్లే వేప్ వాడమంటారట కదా?" అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. నిజమే. సిగరెట్ కంటే దాని హాని తక్కువని, మానడానికి కొందరికి ఉపయోగపడిందని పరిశోధనలు చెబుతున్నాయి. అక్కడ ద్రవంలో నికోటిన్‌కు 20 మిల్లీగ్రాముల హద్దు ఉంది, అమ్మేవారి మీద నియంత్రణ ఉంది. పైగా ఆ సలహా పొగ తాగేవారికి మాత్రమే. ఎన్నడూ తాగనివారిని మొదలుపెట్టమని అక్కడి డాక్టర్లు కూడా చెప్పరు.

మరి బీడీ మాటేమిటి?

ఆ తమ్ముడు మరో మాట అన్నాడు. "బీడీకి లేని బంధనం దీనికెందుకు సార్? మా తాత బీడీ తాగి తాగి పోయిండు." మాకు వెంటనే జవాబు దొరకలేదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగాకు వల్ల ఏటా 13 లక్షలకు పైగా చనిపోతున్నారని అంచనా. క్షయ, గుండెజబ్బు, నోటి క్యాన్సర్ దగ్గర పొగాకు పేరు రాయని రోజు ఉండదు.

కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల్లో బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు ఎందరో. ఆ అబ్బాయి తల్లీ అదే పని చేస్తుంది. వారి కష్టాన్ని మేము తక్కువ చేయము. కానీ సంఘంలో యువకుని చేతిలో వేప్ చూస్తే గద్దించి, పెద్దాయన చేతిలో బీడీ చూస్తే ఊరుకోవడం రెండు తూకాలు పెట్టుకోవడమే. శరీరం దేవుని ఆలయమని నమ్మే మనకు ఏ పొగైనా ఒకటే. పిల్లలకు చెప్పాలంటే పెద్దలు ముందు మానాలి.

ఏది ఎంచుకోవాలి?

మానాలనుకునేవారికి నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది. సాధారణంగా 2 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములు అవసరం కావచ్చు, డాక్టరును అడగండి. దాన్ని మామూలు గమ్ లాగా నమలకూడదు. మెల్లగా నమిలి, నోట్లో చిమచిమ అనగానే చెంపకు చిగురుకు మధ్య పెట్టుకోవాలి. చిమచిమ తగ్గాక మళ్లీ నమలాలి. అరగంట చాలు. దానికి పావుగంట ముందు నుంచి చాయ్ తాగవద్దు. చర్మానికి అంటించే పట్టీలు, డాక్టరు రాసిచ్చే మాత్రలు కూడా ఉన్నాయి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు అడగకుండా ఏదీ వాడవద్దు. సలహా కోసం ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-112-356.

మొదటి మూడు రోజులు చాలా కష్టం. చిరాకు, నిద్రలేమి, తలనొప్పి వస్తాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి తగ్గుతాయి. ఒకసారి జారి తాగినా మళ్లీ మొదలుపెట్టండి. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, తాగేవారితో పోలిస్తే, సుమారు సగానికి దిగుతుంది. ఇంట్లోవారు ఆ రోజుల్లో ఎత్తిపొడవకుండా తోడుగా ఉండాలి.

ఆ తమ్ముడు పోయిన వారం మళ్లీ వచ్చాడు. గమ్ వాడుతున్నాడు. రోజుకు రెండు సిగరెట్లకు తగ్గించానన్నాడు, ఇంకా పూర్తిగా మానలేదు. బావ తెచ్చినవి ఏం చేశావని మేము అడగలేదు. తానే చెప్పాడు, "ఇంట్ల చిన్నపోరగాండ్లు ఉన్నరు సార్, బావకే తిరిగిచ్చిన" అని. ఆ మిగిలిన రెండు సిగరెట్ల కోసం మీరు కూడా ప్రార్థించండి. మీలో ఎవరైనా అతనిలాగే మానాలనుకుంటే సిగ్గుపడకుండా మా దగ్గరకు రండి.

దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యమును దయచేయును గాక.