పేటకు వచ్చిన ధర

పాత ఇల్లు కొని, బాగుచేసి, లాభమునకు అమ్ముట నేడు అనేక దేశములలో ఒక వ్యాపారమైనది. ఆ వ్యాపారి ముందుగా చూచునది ఇంటిని కాదు, పేటను. చుట్టుపట్ల ధరలు హెచ్చియుండవలెను. ఆ పేటలో మాత్రము తగ్గియుండవలెను. గోడలు గట్టివై, మరమ్మతు లేకపోవుటయే లోపము కావలెను. రైలో, రోడ్డో సమీపమునకు రానుండవలెను. కొన్న వెల, మరమ్మతు ఖర్చు, వడ్డీ, సుంకములు కలిపిన మొత్తమును అమ్మకపు ధర మించవలెను. లెక్క సులభమే. కాని ఆ మించిన సొమ్ము ఎక్కడినుండి వచ్చును?

లండను నగరమందలి ఇస్లింగ్టను ప్రాంతపు చరిత్ర ఇందుకు సమాధానము చెప్పగలదు. అచటి బార్న్స్‌బరీ పేటలో 19వ శతాబ్ది పూర్వార్ధమున మధ్యతరగతివారికై కట్టిన మేడల వరుసలు కలవు. కాలక్రమమున ఆ తరగతివారు శివారు ప్రాంతములకు తరలిపోగా, ఒక్కొక్క మేడలో పలు పేద కుటుంబములు అద్దెకు చేరినవి. నగరపు వర్తక కేంద్రము అచటికి సుమారు రెండు మైళ్లే. అందుచేత 1950ల చివరినుండి చదువుకొన్న ఉద్యోగులు ఆ మేడలను కొని బాగుచేసికొన నారంభించిరి. 1964లో రూత్ గ్లాస్ అను సామాజిక శాస్త్రవేత్త ఇట్టి మార్పునకు 'జెంట్రిఫికేషన్' అని పేరు పెట్టెను. 'జెంట్రీ' అనగా పెద్దింటివారు.

1968లో విక్టోరియా భూగర్భ రైలుమార్గము ఇస్లింగ్టనునకు చేరెను. 1969 నాటి గృహ చట్టము మరమ్మతు ఖర్చులో సగమువరకు, సాధారణముగా ఇంటికి 1,000 పౌండ్ల పరిమితితో, ప్రభుత్వ సహాయము నిచ్చెను. ఆ సొమ్ముతో బాగుపడిన ఇంటిని వెంటనే అమ్మరాదను నిబంధన లేదు. అద్దెకున్నవారు గల ఇంటికి వెల తక్కువ. ఖాళీ ఇంటికి ఎక్కువ. కావున గోడలకు సున్నము వేయుటకంటె మనుష్యులను కదల్చుటయందే లాభ మధికమయ్యెను. వ్యాపారులు కొందరికి డబ్బు చూపిరి, కొందరిని వేధించిరి. 1974లో పార్లమెంటు మేల్కొని, సహాయము పొందిన ఇంటిలో అయిదేండ్లు యజమాని నివసించవలెను, లేదా దానిని అద్దె కీయవలెనని నియమము విధించెను. అప్పటికే అనేక కుటుంబములు పేట విడిచిపోయినవి.

కురియుచున్న ఇంటికప్పును బాగుచేయుట మంచి పనియే. దానికి ప్రతిఫలము న్యాయమే. కాని పెరిగిన ధరలో వ్యాపారి శ్రమ కొంత. ప్రజాధనముతో వచ్చిన రైలు కొంత. ఇల్లు వదలినవారి నష్టము కొంత. ఈ మూటిని వేరుచేసి చూచుట విద్యార్థులకు లెక్కల పాఠమే కాదు, పౌరనీతి పాఠము కూడ. ఉపాధ్యాయులు తమ ఊరిలో కొత్త రోడ్డు పడిన వీధికి పిల్లలను తీసికొనిపోయి, ధర ఎంత పెరిగినదో అడిగిన పిమ్మట, ఇదివరకు అచట నివసించినవారెవరు, ఇప్పుడెచట నున్నారని కూడ అడుగుట మంచిది.