ఫోనుకి అందని కొంగ

‘‘మామయ్యా, ఒక్క మాటలో చెప్పు. ఫోనా? కెమెరానా?’’

మా మేనల్లుడు ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. అందరికీ ఏదో ఒక పిచ్చి ఉన్నట్టే వాడికి ఫొటోల పిచ్చి. అందులోనూ పక్షుల ఫొటోలు. లెన్సుతో కలిపి లక్ష దాటే కెమెరా ఒకటి చూసిపెట్టుకున్నాడు. వాయిదాల మీద కొంటాడట. ఆ సంగతి తెలిసి మా అక్క నాకు ఫోన్ చేసి దులిపేసింది. ‘‘నువ్వే వాణ్ణి పాడుచేశావు. మొన్ననేగా అంత పెట్టి ఫోన్ కొన్నాడు. దాంట్లో మూడు కెమెరాలున్నాయటగా, మళ్ళీ ఇంకోటెందుకురా?’’

అక్క అడిగిన దాంట్లో న్యాయం ఉంది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సిపా లెక్కల ప్రకారం 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్ళాయి. 2023లో ఆ సంఖ్య 77 లక్షలు. జనం ఫొటోలు తీయడం మానేశారా? లేదు, మునుపటికంటే ఎక్కువే తీస్తున్నారు. కాకపోతే జేబులో ఫోన్ ఉండగా ఇంకో పెట్టె మోయడమెందుకని మానేశారు. 2010 నాటి ఆ 12 కోట్లలో పది కోట్లకు పైగా జేబులో పట్టే చిన్న కెమెరాలే. వాటి పని ఫోన్ చేసేస్తోంది.

మరి మావాడికి ఏం చెప్పాలి? నోటితో చెబితే వినే వయసు కాదు. ‘‘ఆదివారం గుంటూరు రా. ఉప్పలపాడు వెళ్దాం. నీ ఫోన్ నువ్వు తెచ్చుకో, నా పాత కెమెరా నేను తెస్తాను’’ అన్నాను.

చెరువు గట్టు మీద పరీక్ష

ఉప్పలపాడు తెలియనివాళ్ళకు ఒక మాట. గుంటూరుకి దగ్గర్లోనే ఉన్న మామూలు పల్లె. ఊరి చెరువులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. చలికాలంలో వెళితే కొమ్మ కనిపించదు, పక్షులే కనిపిస్తాయి.

గట్టు మీద నిలబడి మావాడు ఫోన్ తీశాడు. తెర మీద వేళ్ళు జరిపి పదిరెట్లు దగ్గరికి లాగి, గూటిలో పిల్లకి మేత పెడుతున్న గూడబాతుని టకటకా నాలుగు ఫొటోలు తీశాడు. చూపించాడు. బాగుంది! ‘‘మరి కెమెరా ఎందుకురా?’’ అన్నాను. వాడికి పౌరుషం వచ్చి, అదే ఫొటోని ఇంకాస్త పెద్దది చేశాడు. ఈకలు ఈకల్లా లేవు, తడి కుంచెతో గీసినట్టున్నాయి. కన్ను ఉండాల్సిన చోట నల్లటి చుక్క ఉంది.

నా కెమెరా పన్నెండేళ్ళ నాటిది. దానికి 300 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి అదే పక్షిని తీశాను. వెనక ఉన్న చిన్న తెర మీద చూపిస్తే మావాడు కాసేపు మాట్లాడలేదు. కంటి చుట్టూ ఉన్న చర్మం మడతలు లెక్కపెట్టొచ్చు.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఫొటో అంటే వెలుగు. ఆ లెన్సు ముందు వెలుగు దూరే ద్వారం సుమారు 54 మిల్లీమీటర్ల వెడల్పు. దూరపు వస్తువుల కోసం చాలా ఫోన్లలో పెట్టే లెన్సుకి అదే ద్వారం సుమారు ఆరు మిల్లీమీటర్లు. అంటే శనగగింజంత. వైశాల్యం లెక్కేస్తే ఆ పక్షి నుంచి నా లెన్సుకి అందే వెలుగు ఎనభై రెట్లు ఎక్కువ. ఇక లోపల బొమ్మ పడే సెన్సర్ సంగతి. నా కెమెరాలో అది సుమారు 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 మిల్లీమీటర్ల ఎత్తు. చిన్న సైజు తపాలా బిళ్ళంత. ఖరీదైన ఫోన్ ప్రధాన కెమెరాలో కూడా అది చిటికెనవేలి గోరంతే. ఎంత తెలివైన కంపెనీ అయినా అరచేతిలో పట్టే పలకలోకి అంతకంటే పెద్దది దూర్చడం కష్టం.

‘‘మరి నా ఫోన్లో 200 మెగాపిక్సెళ్ళున్నాయిగా?’’ అన్నాడు. ఉన్నాయి. కానీ మామూలుగా తీసేటప్పుడు ఫోనే వాటిని పదహారేసి కలిపి ఒకటిగా చేసి, పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫొటో ఇస్తుంది. వెలుగు చాలకనే ఆ కలపడం. నిజానికి 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఉన్న ఫొటో శుభ్రంగా ప్రింటు వేయించడానికి తొమ్మిది మెగాపిక్సెళ్ళు చాలు. అంకెలు చూసి మోసపోకండి.

వంటింట్లో తారుమారు

ఇంతవరకూ చదివి ‘కెమెరాయే గొప్పది’ అనుకుంటున్నారా? ఆగండి.

మధ్యాహ్నానికి ఇంటికొచ్చాం. మా అమ్మ వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కిటికీలోంచి పడిన వెలుగు ఆవిడ చేతుల మీద ఎంత బాగుందో! నేను కెమెరా ఎత్తాను. అంతే, కాయలు పక్కన పెట్టేసి, కొంగు సర్దుకుని, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. ‘‘ఈ ముసలి మొహాన్ని ఏం తీస్తావురా’’ అంటూనే.

మావాడు పక్కన చతికిలబడి నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాడు. ఏవో కబుర్లు చెబుతూ ఫోన్ మోకాలి మీద ఆనించి నొక్కాడు. మనవడి మాటకి అమ్మ పకపకా నవ్వుతోంది. నిమిషంలో ఆ ఫొటో అమెరికాలో ఉన్న మా చెల్లెలికి వెళ్ళింది, అట్నుంచి ఫోనూ వచ్చింది. నా ఫొటో? ఇంకా కార్డులోనే ఉంది.

నాకింకోటి గుర్తొచ్చింది. మా నాన్నగారి చివరి సంక్రాంతినాడు నా కెమెరా బీరువాలో ఉంది. మనవరాలిని భుజాన ఎక్కించుకుని ముగ్గుల మధ్య ఆయన తిరుగుతున్న ఫొటో మా ఆవిడ పాత ఫోన్లో తీసింది. ఈ రోజు మా హాల్లో పటం కట్టి ఉన్నది అదే. దాన్ని చూసి ‘సెన్సర్ చిన్నది’ అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఎవరు తీస్తున్నట్టు?

అయితే ఒక తేడా తెలుసుకోవాలి. కెమెరా మీరు చెప్పింది చేస్తుంది. ఫోన్ మీకేం కావాలో ఊహించి చేస్తుంది. మీరు ఒక్కసారి నొక్కితే అది వరసగా చాలా ఫొటోలు తీసి, కలిపి, నీడల్ని వెలిగించి, ఆకాశానికి నీలం అద్ది ఇస్తుంది. ఐఫోన్‌లో 2016లో వచ్చిన పోర్ట్రెయిట్ మోడ్, పిక్సెల్ ఫోన్లలో 2018లో వచ్చిన నైట్ సైట్ ఇలాంటి లెక్కల మీద నడిచేవే. కానీ చెదిరిన జుట్టు దగ్గరా, కళ్ళజోడు అంచు దగ్గరా ఆ లెక్క తప్పడం మీరూ గమనించే ఉంటారు. 2023లో శాంసంగ్ ఫోన్లు తీసే చంద్రుడి ఫొటోల మీద పెద్ద చర్చే జరిగింది. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలను మెరుగుపరిచే ఏర్పాటు ఫోన్లో ఉందని ఆ కంపెనీయే వివరించింది.

ఇది తప్పని కాదు. పెళ్ళి పందిట్లో, చీకటి గుళ్ళో అదే మనల్ని కాపాడుతుంది. కానీ ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకున్నవాడికి ఇబ్బంది ఇక్కడే. ఫొటో బాగా వస్తే ఎందుకు బాగా వచ్చిందో తెలియదు, పాడైతే ఎందుకు పాడైందో అసలే తెలియదు. కెమెరాలో తప్పులెక్కువ జరుగుతాయి. అవి మన తప్పులు. అందుకే దిద్దుకోగలం.

ఓ చిన్న చిట్టా

ఆ సాయంత్రం మావాడికి ఒకటే చెప్పాను. ‘‘ఉగాది దాకా ఏమీ కొనకు. ఫోన్‌తోనే తియ్యి. లెన్సు రోజూ మెత్తటి గుడ్డతో తుడువు. వేళ్ళతో దగ్గరికి లాగకు, కుదిరితే నువ్వే నాలుగడుగులు ముందుకెయ్యి. తెర మీద వేలు నొక్కిపెట్టి వెలుగు నువ్వే తగ్గించుకో. ఫోన్ కుదరదన్న ప్రతి ఫొటోనీ ఓ పుస్తకంలో రాసుకో, ఎందుకు కుదరలేదో కూడా.’’

కెమెరా కొనాలా వద్దా అని ఊగిసలాడే ప్రతివారికీ నా సలహా ఇదే. మూడు నెలలకు మీ పుస్తకం ఖాళీగా ఉందా? మీకు ఫోన్ చాలు, ఆ డబ్బుతో రైలెక్కి నాలుగు ఊళ్ళు చూసి రండి, మంచి ఫొటోలు వాటంతటవే వస్తాయి. ఒకే కారణం మళ్ళీ మళ్ళీ కనిపిస్తోందా? అప్పుడు కెమెరా కొనండి, ఆ కారణం కోసమే కొనండి. ‘దూరం’ అని ఉంటే పొడుగు లెన్సు. ‘చీకటి’ అని ఉంటే వెలుగు ఎక్కువ తీసుకునే 50 మిల్లీమీటర్ల లెన్సు. ముందు లెన్సు ఎంచుకుని, తర్వాతే కెమెరా సంగతి చూడండి.

కెనాన్, నికాన్ వంటి కంపెనీలు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళాక పాత డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. కొనేముందు లెన్సుని వెలుగుకి ఎత్తి చూడండి. లోపల సాలెగూడులా కనిపిస్తే అది బూజు, వదిలేయండి. మన కోస్తా తేమకి ఇది మామూలే. మీది కొన్నాక మూత గట్టిగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. ఫోనైనా కెమెరా అయినా, ఫొటోల కాపీ ఇంకో చోట ఉంచండి. ఏడాదికి పదైనా ప్రింటు వేయించండి.

ఉగాదికి మావాడు వచ్చాడు, పుస్తకంతో సహా. అందులో పదకొండు ఫొటోలున్నాయి. ఆరింటి పక్కన ‘దూరం’ అని ఉంది. మూడింటి పక్కన ‘ఎగిరిపోయింది’. ఒకదాని పక్కన ‘చీకటి’. లక్ష రూపాయల ఆలోచన మానేసి, పాత కెమెరా, పొడుగు లెన్సు కొన్నాడు. కొత్తదాని ధరలో సగం కూడా కాలేదు. వాయిదాలు లేవు. మా అక్క శాంతించింది.

పదకొండో ఫొటో పక్కన ఏముందని అడుగుతారేమో. ‘పొద్దున లేవలేదు’ అని రాసుకున్నాడు. దానికి మాత్రం కెమెరా ఏ షాపులోనూ దొరకదు.