లాగుడు కాదు, ఆగుడు చూడాలె

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఒక చిన్న హైబ్రిడ్ పికప్ కొన్నాడు. ఫోర్డ్ మావెరిక్. దాని వెనుక ట్రైలర్ తగిలించుకొని ఇంటి సామానంతా ఒకే విడతలో చేరవేసిన వీడియో మన పిల్లలందరూ చూశారు. అప్పటి నుంచి ఒకటే మాట: "మన చోటా హాథీ వెనుక కూడా ఒక ట్రాలీ కట్టిస్తే, సైజింగ్ నుంచి బీములన్నీ ఒక్క ట్రిప్పులో వస్తాయి కదా!" భివండీలో వెల్డింగ్ దుకాణాలకు కొదవ లేదు. అడిగితే రెండు రోజుల్లో కట్టి ఇస్తారు. అయినా మేము వద్దనే అంటున్నాం. ఎందుకో చెప్పాలె కదా.

ముందు ఆ బండి సంగతి. 2022 మోడల్ మావెరిక్ హైబ్రిడ్‌లో 2.5 లీటర్ల పెట్రోల్ ఇంజను, ఎలక్ట్రిక్ మోటారు కలిసి 191 హార్స్‌పవర్ ఇస్తాయి. అంత శక్తి ఉన్నా, అది లాగవలసింది 2,000 పౌండ్లే అని కంపెనీ రాసింది. అంటే మన లెక్కన సుమారు 900 కిలోలు. 2025 మోడల్ నుంచి నాలుగు చక్రాలకూ శక్తి అందే హైబ్రిడ్ వచ్చింది. దానికి టోయింగ్ ప్యాకేజీ తీసుకుంటేనే 4,000 పౌండ్లు. ఇక మన దగ్గరికి వస్తే, 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌కు 702 సీసీ ఇంజను, 16 హార్స్‌పవర్, మోసే బరువు ముప్పావు టన్ను. తర్వాత వచ్చినవి మెరుగే. సీఎన్‌జీ, పెట్రోల్ రెండింటితో నడిచేవి కూడా ఉన్నాయి. కానీ రెండు ఇంధనాలు ఉన్నంత మాత్రాన హైబ్రిడ్ కాదు. హైబ్రిడ్‌లో చక్రాన్ని తిప్పడానికి కరెంటు మోటారు సాయం పడుతుంది. సీఎన్‌జీ బండిలో ఆ సాయం లేదు. ఏ బండికైనా కంపెనీ కాగితంలో ట్రైలర్ లాగే అంకె లేకపోతే, ఆ అంకె సున్నా అనుకోవాలె.

పిల్లలు ఇంజను గురించి అడుగుతున్నారు. మేము బ్రేకు గురించి అడుగుతున్నాం. సొంత బ్రేకు లేని ట్రాలీ కడితే, ఒక బండి బ్రేకులు రెండు బండ్ల బరువును ఆపాలి. వేగం రెండింతలైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలు అవుతుంది. జూలై వానలో, గుంతల రోడ్డు మీద, కల్యాణ్ నాకా దగ్గర ముందున్న రిక్షా గభాల్న ఆగితే? వెనుక ట్రాలీ ఆగదు, ముందు బండిని నెడుతుంది, అడ్డం తిరుగుతుంది. పైగా గోదాముల కంటైనర్ లారీలు పక్కనుంచే పోతుంటాయి. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, ఒక బరువు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉండాలని నియమం పెట్టారు.

బరువు ఎక్కడ పెడుతున్నామన్నది ఇంకో లెక్క. ఇది ఎడ్లబండి తోలిన మన తాతలకు తెలిసిందే. వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకు ఎక్కువ వేస్తే ఎడ్ల మెడ విరుగుతుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలని ఇప్పటివాళ్లు చెప్పేది కూడా అదే. వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ పాములా ఊగుతుంది. కొక్కెం మీద పడే ఆ బరువు కూడా బండి మోసే బరువులోనే కలుస్తుంది. ఇప్పటికే నిండుగా బీములు వేసిన బండికి దాన్ని మోసే జాగా ఎక్కడిది? పైగా బీము దూది మూట కాదు. గుండ్రని బరువు, కట్టు సడలితే దొర్లుతుంది.

ఇక సందులు. రివర్స్‌లో స్టీరింగ్ ఒక దిక్కు తిప్పితే ట్రాలీ ఇంకో దిక్కు పోతుంది. మన సాంచాల సందుల్లో వెనుక నిలబడి "ఆనేదో, ఆనేదో" అని చేయి ఊపేది హమాలీ. గోడకూ ట్రాలీకీ మధ్య ఉండేది అతనే. చట్టం కూడా ట్రాలీని వేరే బండిగానే చూస్తుంది, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కు జరిమానా 20,000 రూపాయలు, పైబడిన ప్రతి టన్నుకు ఇంకో 2,000.

"రెండు ట్రిప్పులు వేస్తే గిట్టుబాటు ఎట్లా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. గ్రే గుడ్డకు రేటు లేనప్పుడు ఆసామి ప్రతి రూపాయి చూసుకుంటాడు. అయితే ఆ మిగులు ఎవరి దగ్గర నుంచి వస్తుందో కూడా చూడాలి. రెండు ట్రిప్పుల పని ఒక ట్రిప్పు కిరాయికి చేయించుకుంటే, కిస్తీలు కట్టే టెంపో అన్న బండి టైర్లు అరుగుతాయి, హమాలీ ప్రాణం మీదికి వస్తుంది. మనకు మిగిలిందనుకున్నది నిజానికి వాళ్ల జేబులోంచి తీసిందే.

కాబట్టి మా ఇంట్లో ఇట్లా అనుకున్నాం. నిండు బీము ఎంత ఉంటుందో ఒకసారి కాటా మీద పెట్టి తూయిస్తాం. బండి కాగితంలో ఉన్న బరువుకు ఎన్ని బీములు వస్తాయో అన్నే వేస్తాం, ప్రతి బీముకు రెండు దిక్కులా అడ్డుచెక్క పెట్టిస్తాం. రెండో ట్రిప్పుకు రెండో కిరాయి ఇస్తాం. రేపు ట్రైలర్ లాగమని కంపెనీయే రాసిచ్చిన చిన్న హైబ్రిడ్ మన దగ్గరికి వస్తే, సొంత బ్రేకు, నంబరు ప్లేటు ఉన్న ట్రైలర్‌తో హైవే మీద సరుకు పంపడానికి మాకు అభ్యంతరం లేదు. సందులోకి మాత్రం అప్పుడు కూడా వద్దు.