ఎవరి చేతికి ఏ పుస్తకము?



ఈ శీర్షికలో నెలకొక పుస్తకమును మీకు పరిచయము చేస్తూ వస్తున్నాము. ఈ నెల మాత్రము పుస్తకము సంగతి కాక, దానిని పుచ్చుకొనే చేతుల సంగతి వ్రాయాలనుకొన్నాము. దానికి కారణము మా పొరపాటే.

మైలార్‌దేవ్‌పల్లిలో మేము కూడుకొనే సంఘములో ఒక రేకు పెట్టె ఉన్నది. అందులో నూటికి పైగా పుస్తకాలు ఉన్నవి. ఆరాధన ముగిసిన తరువాత పెట్టె తెరిచి, అడిగినవారికి పుస్తకము ఇచ్చి, నోటుబుక్కులో పేరు వ్రాసుకొంటాము. కొన్నేళ్ళ క్రితము ఒక ఆదివారము, పదవ తరగతి తప్పి కాటేదాన్‌లో ఫ్యాక్టరీ పనికి చేరిన ఒక యౌవనస్థుడు వచ్చి, "చదవడానికి ఏమైనా ఉందా అన్నా?" అని అడిగాడు. మాకు సంతోషము పట్టలేదు. పెట్టెలో అన్నిటికంటె విలువైనదని మేము తలచిన పుస్తకము తీసి అతని చేతిలో పెట్టాము. అది రోమా పత్రికకు వ్యాఖ్యానము, నాలుగు వందల పేజీలు.

మూడు వారాల తరువాత పుస్తకము తిరిగి వచ్చింది. అట్ట నలగలేదు. "చదివావా తమ్ముడూ?" అని అడిగితే, "అర్థం కాలేదన్నా" అని తలవంచుకొన్నాడు. ఆ తరువాత ఏడాది పాటు అతడు ఆ పెట్టె దరికి రాలేదు. పుస్తకాలు తనవంటివారికి కావని అనుకొన్నాడు. అలా అనుకొనేటట్లు చేసినది మేమే. పాలు త్రాగే బిడ్డకు బలమైన ఆహారము పెట్టకూడదని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయములో ఎన్నిసార్లు చదివి ఉంటాము! చదివినది పెట్టె దగ్గర గుర్తుకు రాలేదు.

బైబిలే ఒక పుస్తకాల పెట్టె. అరవై ఆరు పుస్తకాలు. అందులో ధర్మశాస్త్రము ఉన్నది, రాజుల చరిత్ర ఉన్నది, పాటలున్నవి, సామెతలున్నవి, ప్రేమగీతము ఉన్నది, సొంత మనిషికి వ్రాసుకొన్న ఉత్తరాలున్నవి. నాలుగు అధ్యాయాల రూతు పక్కనే అరవై ఆరు అధ్యాయాల యెషయాకు కూడా చోటున్నది. తన ప్రజలందరికీ దేవుడు ఒకే రకపు పుస్తకము ఇవ్వలేదు. అటువంటప్పుడు మనము మాత్రము అందరికీ ఒకే రకపు పుస్తకము ఎందుకు పంచుతాము?

ఇప్పుడు మా పెట్టె వైపు ఎవరు వచ్చినా, పుస్తకము తీయకముందు వారిని రెండు మాటలు అడుగుతాము. అలా నేర్చుకొన్నది మీతో పంచుకొంటాము.

ముందు చదువురాని పెద్దలు. మన సంఘాలలో అవ్వలు, తాతలు చాలామంది బైబిలు చేతపట్టుకొని వస్తారు గాని అక్షరాలు రావు. వారికి పుస్తకము దేనికని అనవద్దు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వారికి ముఖపాఠము. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) వ్రాసిన కీర్తనలు పుస్తకము చూడకుండానే చరణము తప్పకుండా పాడతారు. కనుక మొదటి వాచకముగా ఆ కీర్తనల పుస్తకమే ఇవ్వండి. పాట నోటికి వచ్చిన మనిషి, మనవరాలు పక్కన కూర్చొని వేలు పెట్టి చూపిస్తే, ఏ మాట ఎక్కడ ఉన్నదో తానే పోల్చుకొంటుంది. చూపు ఆనకపోతే పెద్ద అక్షరాల బైబిలు దొరుకుతుంది. అదీ కుదరకపోతే, మనవడు రోజూ రూతు గ్రంథము ఒక అధ్యాయము చదివి వినిపిస్తే నాలుగు రోజులలో పూర్తి అవుతుంది. అత్తా కోడళ్ళ కథ గనుక, ఇంట్లో తక్కినవారు కూడా చెవి ఒగ్గుతారు.

ఇల్లు నడిపే తల్లులకు మేము మొదట చూపించేది డేవిడ్ వెర్నర్ వ్రాసిన "వైద్యుడు లేని చోట". మెక్సికో కొండ గ్రామాలలో పనిచేసిన ఆయన అక్కడి పల్లె ప్రజల కొరకు దానిని వ్రాశాడు. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు ప్రచురించారు. బిడ్డకు విరేచనాలైతే ఉప్పు, చక్కెర కలిపిన నీరు ఎలా పట్టాలి, ఏ గుర్తులు కనబడితే ఆలస్యము చేయక ఆసుపత్రికి పరుగెత్తాలి అన్న సంగతులు బొమ్మలతో ఉంటాయి. అయితే మందుల సంగతులు కాలము గడిచే కొద్దీ మారుతాయి. పుస్తకము చూసి మాత్రలు మింగవద్దు, అది డాక్టరును అడగండి. ప్రార్థన చేసే ఇంటిలో ఈ పుస్తకము కూడా ఉండడము అవిశ్వాసము కాదు. లూకా వైద్యుడే గదా.

సేద్యము చేసేవారికి మా పొరుగుననే మంచి పుస్తకము తయారవుతున్నది. రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు "వ్యవసాయ పంచాంగము" ప్రచురిస్తారు. పంచాంగమనే పేరు చూసి ఒక పెద్దాయన మా పెట్టెలో నుండి దానిని తీసివేయమన్నారు. ఇది ముహూర్తాలు పెట్టే పుస్తకము కాదు, ఏ పంటకు ఏ విత్తనము మంచిది, ఏ తెగులుకు ఏమి చేయాలి అని చెప్పే పుస్తకము అని విప్పి చూపించాము. ఆ పెద్దాయనే దానిని ఇంటికి తీసుకొనిపోయారు. దుకాణదారుడు ఇచ్చిన మందు ఇచ్చినట్లు చల్లి అప్పుల పాలయ్యే రైతుకు ఇటువంటి పుస్తకము చేసే మేలు చిన్నది కాదు.

పిల్లల విషయములో మనము చేసే తప్పు, ప్రతి కథ చివర నీతి చెప్పించడము. కథను కథగా చదవనివ్వండి. 1947లో మొదలై కొన్ని తరాలకు చదువు రుచి చూపిన "చందమామ" ఇప్పుడు రావడము లేదు. ఆ లోటు తీర్చడానికి నేషనల్ బుక్ ట్రస్ట్ వారి బొమ్మల పుస్తకాలు, "మంచి పుస్తకం" వారి చిన్న చిన్న కథల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతున్నవి. ఇంగ్లీషు మీడియములో చదివే మన పిల్లలు చాలామంది కీర్తనల పుస్తకములో తెలుగు చదవలేక ఫోనులో ఇంగ్లీషు అక్షరాలలో చూసి పాడుతున్నారు. బైబిలు తెలుగులో చదవలేని తరము మన ఇళ్ళలోనే పెరుగుతున్నది. వారి తెలుగు నిలవాలంటే, నిద్రకు ముందు పది నిమిషాలు ఒక కథ చాలు. కొంచెము పెద్దవారికి "యాత్రికుని ప్రయాణము" ఇవ్వండి. పాత్రలకు మాట్లు వేసే కుటుంబములో పుట్టిన జాన్ బన్యన్, సువార్త ప్రకటించినందుకు సుమారు పన్నెండేళ్ళు జైలులో ఉన్నాడు. 1678లో అచ్చయిన ఆయన పుస్తకములో వీపున మూట మోస్తూ సాగే క్రైస్తవుని ప్రయాణము పిల్లలకు సాహస కథవలె ఉంటుంది. లోతు తరువాత తెలుస్తుంది.

వాక్యపరిచర్య చేసే సహోదరులకు బైబిలు నిఘంటువు, ఒక మంచి పటము తప్పక ఉండాలి. వాటితోపాటు పొరుగువారి విశ్వాసమును గూర్చిన పుస్తకము ఒకటైనా చదవాలని మా మనవి. మైలార్‌దేవ్‌పల్లి చుట్టూ మన ఇళ్ళ పక్కనే ముస్లిం కుటుంబాలున్నవి. విన్న మాటలను బట్టి వారిని గూర్చి బోధించరాదు. దగ్గరలోని శివరాంపల్లిలో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. 1930లో లాహోరులో మొదలై, 1971లో హైదరాబాదుకు వచ్చిన ఆ సంస్థ ఇస్లామును గూర్చిన అధ్యయనానికి, మతాల మధ్య సఖ్యతకు పనిచేస్తున్నది. దానికి పేరైన హెన్రీ మార్టిన్, క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి, పారసీలోనికి అనువదించి 1812లో, ముప్పది ఒక్క ఏళ్ళకే కన్నుమూశాడు. పొరుగువాని భాష నేర్చుకొనడమే ఆయన మొదటి పరిచర్య.

దుఃఖములో ఉన్నవారికి ఏ పుస్తకము ఇవ్వాలి? మొదట ఏదీ ఇవ్వవద్దు. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలేక అతనితో నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదొక్కటే. నోరు విప్పిన తరువాతే వారు గాయపరిచారు. కొన్నాళ్ళు గడిచిన తరువాత, వారు అడిగితే, మొరపెట్టే కీర్తనలు గుర్తు పెట్టి ఇవ్వండి. దేవునితో అలా కూడా మాట్లాడవచ్చునని తెలియడమే వారికి ఆదరణ.

ఇక, లోకసంబంధమైన పుస్తకాలు విశ్వాసులు చదవవచ్చునా అని కొందరు పాఠకులు అడుగుతుంటారు. ఆ ప్రశ్న వెనుక బిడ్డలు దారి తప్పుతారేమోనన్న భయము ఉన్నది. దానిని మేము తేలికగా తీసుకోము. చెడ్డ పుస్తకాలు ఉన్నమాట నిజము. అయితే పౌలు ఏథెన్సులో మాట్లాడినప్పుడు అక్కడి కవుల మాటను ఎత్తి చెప్పాడు (అపొ. కార్యములు 17:28). ఆ కవులను చదవకుండానో, వినకుండానో చెప్పగలిగేవాడు కాడు. అదే పౌలు చెరసాలలో ఉండి, మరణము దగ్గరపడిన వేళ, తన అంగీతో పాటు పుస్తకాలు కూడా తెమ్మని తిమోతికి వ్రాశాడు (2 తిమోతి 4:13). చలికి అంగీ ఎంత అవసరమో ఆయనకు పుస్తకాలూ అంత అవసరము. బిడ్డలను పుస్తకాలకు దూరముగా ఉంచితే వారు చదవడము మానరు, మనకు తెలియకుండా చదువుతారు. పక్కన కూర్చొని చదివి, బాగున్నదేదో బాగోలేనిదేదో మాట్లాడుకొంటే వివేచన నేర్చుకొంటారు. ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో చదువుకొంటుంటే, ఫిలిప్పు పుస్తకము లాక్కొనలేదు, రథమెక్కి పక్కన కూర్చున్నాడు.

పుస్తకము మనకు కొత్త కాదు. తెలుగు మాట మొట్టమొదట అచ్చెక్కినది క్రైస్తవ బోధ పుస్తకాలలోనే. బెంజమిన్ షుల్జ్ దొర 1746లో జర్మనీలోని హాలె పట్టణములో వాటిని అచ్చు వేయించాడు. ఆ తరువాత సువార్త పుస్తకాలు సంచిలో వేసుకొని ఊరూరా తిరిగిన మన పెద్దలెందరో. మన తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) కూడా అలాగే తిరిగాడు. వంటపని చేస్తూ చదువు నేర్చుకొన్న ఆ మనిషి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకొని పల్లెలకు చేర్చాడు. కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలోనే గ్రంథాలయము నడిపారు. పుస్తకము మనిషి దగ్గరకు పోవాలని వీరందరూ ఎరిగినవారే.

మీ సంఘములోనూ ఒక పెట్టె పెట్టవచ్చును. ఇరవై పుస్తకాలు చాలు, అవి ఇరవై రకాలుగా ఉండాలి. సికింద్రాబాదులో బైబిల్ హౌస్ ఉన్నది. ఆదివారము కుదరకపోయినా, ఎప్పుడైనా సెలవు ఆదివారముతో కలిసి వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చవకగా దొరుకుతాయి. పోటీ పరీక్షలు వ్రాసే పిల్లలకు తెలుగు అకాడమి పుస్తకాలు రెండు మూడు ఉంచండి. అట్టలు వేయండి, ఎండు వేపాకు పెట్టండి. పుస్తకము పోతుందని తాళము వేయవద్దు. ఒకటి రెండు పోతే పోనివ్వండి, ఎవరో చదువుకొంటున్నారు. మీ ఊరిలో శాఖా గ్రంథాలయము ఉంటే అక్కడికీ పిల్లలను తీసుకొనిపోండి. మనము కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ పన్ను కూడా ఉన్నది. అది మనదే.

ఇక మా కాటేదాన్ తమ్ముని సంగతి. ఏడాది తరువాత ఒక విశ్వాసి ఇంటి పెండ్లిలో అతడు హరిశ్చంద్ర నాటకములోని కాటిసీను పద్యాలు గొంతెత్తి పాడడము విన్నాము. వాళ్ళ నాయన నాటకాలు ఆడేవాడట. "ఈ పద్యాలలో కొన్ని వ్రాసినది ఎవరో తెలుసా?" అని అడిగితే తెలియదన్నాడు. వాటిని వ్రాసినది గుఱ్ఱం జాషువా గారని, ఆయన కూడా మనవంటి ఇంటిలో పుట్టి అవమానాలు పడినవాడని చెప్పి, 1941 నాటి "గబ్బిలము" తెచ్చి ఇచ్చాము. గుడిలోకి తనకు ప్రవేశము లేదు గనుక గబ్బిలముతో దేవునికి మొర పంపుకొనే అంటరానివాని కథ అది. పద్యాలు కష్టమే. అయినా అతడు పైకి చదువుతూ, తెలియని మాటలు గుర్తు పెట్టుకొని, ఆదివారము వచ్చి అడిగేవాడు. తరువాత తానే, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన "క్రీస్తు చరిత్ర" కావాలన్నాడు. మొన్న మార్కు సువార్త అడిగి తీసుకొనిపోయాడు.

రోమా పత్రిక వ్యాఖ్యానము ఇంకా పెట్టెలోనే ఉన్నది. దాని సమయము రావచ్చును, రాకపోవచ్చును. ఈసారి మేము తొందరపడము.

ఈ ఆదివారము మీ పక్కన కూర్చున్నవారిని ఒక్క మాట అడగండి: "మీకు ఎటువంటి కథ ఇష్టము?" జవాబు విన్న తరువాతే పుస్తకము వెదకండి. ప్రభువు మీ ఇళ్ళలో చదివే కన్నులను, వినే చెవులను దీవించును గాక. ఆమేన్.