పులికాట్ ఒడ్డున వలందుల ఊరు

మా పిన్ని కొడుకు జెనీవాలో ఉద్యోగం. ప్రతి ఆదివారం ఫొటోలు పంపుతాడు. సరస్సు, సరస్సులో హంసలు, ఒడ్డున కుర్చీలు, కుర్చీల ముందు కరిగిన చీజ్‌లో ముంచుకు తినే రొట్టెముక్కలు. అమ్మ ఫోన్ దగ్గరికి తీసుకుని చూసి, 'మన పులికాట్ కంటే పెద్దదా ఏంది?' అంది.

చెప్పడం కష్టమే. జెనీవా సరస్సు కొలత 580 చదరపు కిలోమీటర్లని పుస్తకంలో ఒక్క అంకె ఉంటుంది. మన పులికాట్‌కి వానాకాలం ఒక కొలత, ఎండాకాలం ఒక కొలత. ఒడిశాలోని చిల్కా తరువాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఇక 'సరస్సు ఒడ్డున ఐరోపా నగరం' సంగతికి వస్తే, అదీ మనకుంది. వీసా అక్కర్లేదు. వచ్చే ఆదివారం పోదాం పదమన్నాను.

నెల్లూరు నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటితే ఆరంబాకం. అక్కడి నుంచి తమిళనాడు. పొన్నేరి దగ్గర ఎడమకి తిరిగితే రోడ్డు నేరుగా సరస్సులోకి దిగిపోతుందా అన్నట్టుంటుంది. సరస్సులో ఎక్కువ భాగం మనదే. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నాం. పులికాట్ అనే ఊరు మాత్రం దక్షిణపు కొసన తమిళనాడులో ఉంది. వాళ్ళు పళవేర్కాడు అంటారు. మన పెద్దలు ఈ సరస్సుని ప్రళయకావేరి అనేవారు.

ఊళ్ళో మొదట చూడాల్సింది గోరీల తోట. ద్వారం దగ్గర రెండు రాతి అస్థిపంజరాలు మనకి స్వాగతం చెబుతాయి. అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. 'ఇదా నువ్వు చూపిస్తానన్న ఐరోపా?' అని అడిగింది. లోపల 17వ శతాబ్దం నాటి సమాధులున్నాయి. రాళ్ళ మీద వంశచిహ్నాలు, చదవడానికి రాని డచ్చి అక్షరాలు. కొన్నింటి మీద గుమ్మటాలు, కొన్నింటి మీద ఆకాశంలోకి పొడుచుకుపోయిన కోసు స్తంభాలు. ఎండలో వేడెక్కిన ఆ రాళ్ళ మధ్య ఒక మేకపిల్ల నిద్రపోతోంది.

డచ్చివాళ్ళని మన తాతలు వలందులు అనేవారు. హాలెండు వారన్నమాట. మచిలీపట్నంలో వలందపాలెం పేరు అట్లా వచ్చిందే. 1610లో విజయనగర రాజు రెండో వెంకటపతిరాయల దగ్గర అనుమతి పొంది ఇక్కడ సరుకుల కొట్టు పెట్టుకున్నారు. 1612లో పోర్చుగీసువాళ్ళు వచ్చి దాన్ని ధ్వంసం చేశారు. దాంతో వీళ్ళు 1613లో కోటే కట్టేశారు. పేరు గెల్డ్రియా. అప్పటి అధికారి సొంత రాష్ట్రం గెల్డర్‌లాండ్ పేరే దానికి పెట్టారు. 1690 దాకా కోరమాండల్ తీరంలో వాళ్ళ రాజధాని ఇదే.

వాళ్ళకి కావలసింది మన బట్ట. ఇండోనేషియా దీవుల్లో లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్ళు వెండి కంటే మన తీరపు అద్దకం బట్టలే ఇష్టపడేవారు. అంటే ఆమ్‌స్టర్‌డామ్ వంటింట్లో జాజికాయ వాసన వెనక మన సాలెవాళ్ళ మగ్గం చప్పుడుంది. గళ్ళ లుంగీకి తమిళంలో 'పళయకాట్' అనే పేరు ఈ ఊరిదే. 1621లో ఇంగ్లీషువాళ్ళు కూడా ఇక్కడే వాటాకి వచ్చి డచ్చివాళ్ళతో పొసగక వెళ్ళిపోయారు. 1626లో మన దుర్గరాజపట్నంలో దిగారు. వాళ్ళ కాగితాల్లో ఆర్మగాన్ అన్నది అదే. అక్కడా వ్యాపారం సాగక 1639లో మద్రాసు చోటు వెతుక్కున్నారు. ఇరుగుపొరుగు తగాదా లేకపోతే చెన్నపట్నం ఎక్కడ ఉండేదో!

నాకు మాత్రం కోట కంటే ఒక పుస్తకం ముచ్చటగా అనిపిస్తుంది. 1630ల్లో ఇక్కడ అబ్రహాం రోజేరియస్ అనే డచ్చి పాదిరి ఉండేవాడు. పద్మనాభుడనే బ్రాహ్మణుడు ఆయనకి మన ఆచారాలు, నమ్మకాలు వివరించి, భర్తృహరి శ్లోకాలు చెప్పాడు. ఇద్దరికీ మధ్య భాష పోర్చుగీసు! నీతి, వైరాగ్య శతకాలు అట్లా డచ్చిలోకి వెళ్ళాయి. శృంగార శతకం మాత్రం చెప్పనన్నాడట పద్మనాభుడు. పాదిరి పోయాక 1651లో లైడెన్‌లో పుస్తకం అచ్చయింది. సంస్కృత కవిత్వం ఐరోపా భాషలో అచ్చుకావడం అదే మొదలు. బళ్ళో మనం ఏనుగు లక్ష్మణకవి పద్యాలుగా బట్టీపట్టిన సుభాషితాలు, ఆ కవి పుట్టకముందే ఈ సరస్సు ఒడ్డు నుంచి ఓడెక్కాయి.

అదే ఒడ్డు నుంచి మనుషులూ ఓడెక్కారు. 17వ శతాబ్దపు కరువుల్లో తిండిలేక తమని, పిల్లల్ని అమ్ముకున్నవాళ్ళని వేల సంఖ్యలో బానిసలుగా బటావియాకి, అంటే నేటి జకార్తాకి, తరలించారు. పాదిరికీ వర్తకులకీ సమాధులున్నాయి. వీళ్ళ పేర్లు చెక్కిన రాయి ఒక్కటీ నాకు ఊళ్ళో కనపడలేదు. కోట ఉన్నచోట ఇప్పుడు ముళ్ళపొదలు, పూడిన కందకం. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది.

మధ్యాహ్నం భోజనం ఒక పెద్దమ్మ ఇంట్లో. మన వైపు ఇరకం దీవిలో పుట్టి ఇక్కడ కోడలైంది. మేం తెలుగువాళ్ళమని వినగానే, 'కూసోండమ్మా, రొయ్యలు ఇప్పుడే వలిచినా' అంది. రొయ్యల ఇగురు, పీతల పులుసు, ఎర్రన్నం. పులుసులో మామిడికాయ పడలేదని అమ్మకి చిన్న లోటు. మన నెల్లూరోళ్ళకి అది తీరని లోటే. రెండువందల ఏళ్ళు ఉండిపోయిన వలందుల వంట జాడ మాత్రం ఆ కంచంలో లేదు.

'ఈసారి రొయ్య బాగా పడిందా?' అన్నాను.

'యాడ పడద్ది నాయనా? ముకం పూడిపోతే సముద్రం నీళ్ళు ఎట్టొస్తాయి? ఎండాకాలం మా అన్నోళ్ళు ఇరకం కాడ మోకాళ్ళ లోతులో పడవ నెడతారు' అంది.

మన వాకాడు మండలం వైపు ముఖద్వారాలకీ ఇదే గతి. ఇసుక మేటవేస్తే ఆటుపోటు ఆగుతుంది. పోటుతో వచ్చే రొయ్యపిల్ల సరస్సులోకి రాదు. పూడిక తీయమని జాలర్లు అడుగుతూనే ఉన్నారు. వల బోసిపోయిన ఏడాది ఆంధ్ర వల, తమిళ వల అంటూ హద్దు తగాదాలు. కొంగలకి ఆ హద్దు పట్టదు, శీతాకాలంలో రాజహంసలు రెండు వైపులా వాలతాయి.

పడవెక్కుదామని అమ్మ సరదాపడింది. పెద్దమ్మే వద్దంది. 2011 క్రిస్మస్ రోజున విహారానికి వెళ్ళినవాళ్ళ పడవ మునిగి 22 మంది పోయారు. ఆ సాయంత్రం గట్టున నిలబడ్డ జనాన్ని ఆమె ఇంకా మర్చిపోలేదు. తాటాకుతో అల్లిన చిన్న బుట్ట ఒకటి అమ్మ చేతిలో పెట్టి, 'ఇరకం మీదుగా ఎవురన్నా పోతా ఉంటే మా అన్నకి చెప్పండమ్మా, నేను బాగుండానని' అంది.

ఆ రాత్రి అస్థిపంజరాల ఫొటో జెనీవాకి పంపాను. 'ఇదెక్కడ, ఆమ్‌స్టర్‌డామా?' అని తమ్ముడి జవాబు. అమ్మ ఫోన్ లాక్కుని తనే మాట్లాడింది. 'కాదు నాయనా, సూళ్లూరుపేట దాటినాక. సంక్రాంతికి రా, పోతా పోతా ఇరకంలో ఒక కబురు చెప్పాల.'