లావోజీ అవతారం, విష్ణువు అవతారం: ఒకే దొంగమాట (6వ భాగం)



పోయిన భాగం చదివి ఒకాయన నన్ను అడిగాడు: "బుద్ధుడు మా విష్ణుమూర్తి తొమ్మిదో అవతారమే కదండీ. మేం మొక్కేవాడికే మీరూ మొక్కుతుంటే ఇక ఈ గొడవెందుకు?" మర్యాదగా అడిగాడు, మర్యాదగానే చెప్తాను. కాకపోతే జవాబు కోసం చైనా దాకా పోవాలి. ఇలాంటి మాటనే అక్కడి బౌద్ధులు వెయ్యేళ్లకు పైగా విన్నారు.

క్రీస్తు శకం మొదటి శతాబ్దానికి బౌద్ధం చైనా చేరింది. చైనా పూలదండలతో ఎదురొచ్చిందని మనవాళ్లు కొందరు రాస్తుంటారు. ఎదురొచ్చింది దండలు కాదు, ప్రశ్నలు. అమ్మానాన్నలిచ్చిన ఒంటిని చెడగొట్టకూడదని కన్ఫ్యూషియస్ నీతి చెప్తుంటే మీరు గుండ్లు కొట్టించుకుంటారేం? పెళ్లాడకపోతే వంశం ఏమవుతుంది, పితరులకు ఎవరు పెడతారు? దున్నరు, నేయరు, పన్ను కట్టరు, మిమ్మల్ని ఎవరు మేపాలి? రాజుకు ఎందుకు మొక్కరు? ఈ ఆఖరి ప్రశ్నకు 404లో హుయియువాన్ అనే భిక్షువు ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. ఇల్లు విడిచినవాడు రాజు ముందు వంగక్కర్లేదని తేల్చి చెప్పాడు.

819లో బుద్ధుడి ఎముకను రాజభవనంలోకి తెచ్చి పూజిస్తుంటే, హాన్ యూ అనే పండితుడు దాన్ని నీళ్లలోనో నిప్పులోనో పడేయించండని చక్రవర్తికే అర్జీ పెట్టాడు. తల పోవాల్సింది, దక్షిణాన దూరప్రాంతానికి తరిమేయడంతో సరిపోయింది. 845లో మరో చక్రవర్తి, వూజోంగ్, బౌద్ధం మీదే పడ్డాడు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 4,600 విహారాలు పోయాయి. 2,60,500 మంది భిక్షువులూ భిక్షుణులూ కాషాయం విప్పి పన్ను కట్టే జనంలో కలిశారు. విహారాల కింద ఉన్న 1,50,000 మంది బానిసలనూ లాక్కున్నారు.

అవును, విహారాల కింద బానిసలు. దీన్ని మనం దాచకూడదు. బుద్ధుడి పేరు చెప్పి భూములనూ మనుషులనూ పోగేసుకున్న సంఘం గురించి మనమే ముందు మాట్లాడాలి.

వీళ్లంతా ఎదురుగా నిలబడి కొట్టినవాళ్లు. ఎదురుగా కొట్టేవాడికి జవాబు చెప్పొచ్చు. శాలువా కప్పి గొంతు నొక్కేవాడితోనే కష్టం.

166లోనే ఒక చైనా పండితుడు చక్రవర్తికిచ్చిన విన్నపంలో ఒక మాట కనిపిస్తుంది. లావోజీ పడమటి దేశాలకు పోయి బుద్ధుడయ్యాడని కొందరు చెప్పుకుంటున్నారట. మొదట్లో ఈ కథ బౌద్ధులకూ పనికొచ్చింది, పరాయివాడు చుట్టమైపోయాడు. కానీ 300 ప్రాంతంలో వాంగ్ ఫూ అనే తావో మతస్థుడు ఆ కథను పుస్తకం చేశాడు. ఆ పుస్తకం చెప్పేదేమిటి? పడమటి జనం అనాగరికులు, వాళ్లను అదుపులో పెట్టడానికే లావోజీ ఆ కఠిన నియమాలు పెట్టాడు, కాబట్టి బౌద్ధం మొరటువాళ్లకు వేసిన మందు, నాగరికులమైన మనకెందుకు?

ఇప్పుడు భాగవతం మొదటి స్కంధం తీయండి. విష్ణువు బుద్ధుడిగా ఎందుకు పుడతాడని ఉంది? దేవతల శత్రువులను మోహంలో పడేయడానికి. అంటే బుద్ధుడు చెప్పింది సత్యం కాదు, రాక్షసులకు వేసిన ఎర. విన్నవాళ్లు ఎవరు? రాక్షసులు. అయ్యా, మీరు నాకిచ్చిన చుట్టరికం ఇదీ! అవతారమన్నది సన్మానం కాదు, ఆ మాట నమ్మినవాణ్ణి అసురుణ్ణి చేసే తిట్టు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అయిదోది ఈ అవతార కథను పిచ్చి ప్రచారమని ఎందుకు తిప్పికొట్టిందో ఇప్పుడు అర్థమైందా?

చైనా బౌద్ధులూ ఊరుకోలేదు. కానీ వాళ్లూ తక్కువ తినలేదు. లావోజీ, కన్ఫ్యూషియస్ బుద్ధుడు పంపిన బోధిసత్వులేనని ఎదురు కథ అల్లారు. లావోజీ కంటే ముందువాడని చూపించడానికి బుద్ధుడి పుట్టుకను వందల ఏళ్లు వెనక్కి జరిపారు. అబద్ధానికి అబద్ధం. చివరికి 1258లో కుబ్లాయ్ ముందు వాదం జరిగింది. తావోలు ఓడారు, 17 మందికి గుండ్లు గీశారు. 1281లో తావో పుస్తకాలను తగలబెట్టించారు, లావోజీ మూలగ్రంథం ఒక్కటే మిగిలింది.

ఈ గెలుపుకి నేను చప్పట్లు కొట్టను. అది సగం వాదం, సగం రాజదండం. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని కాల్చింది అధికారం లేని మనుషులు. 1281లో కాల్చింది చక్రవర్తి. రెండూ ఒకటి కావు.

అందుకే మన తమ్ముళ్లకో మాట. కనిపించిన ప్రతి గుడీ ఒకప్పటి ఆరామమేనని ఆధారం లేకుండా వాట్సాప్‌లో తిప్పకండి. మనకు అమరావతి ఉంది, నాగార్జునకొండ ఉంది, శాసనాలున్నాయి. నిజం చేతిలో ఉన్నవాడికి ఎదురు కథలెందుకు?

ఇక అడిగిన పెద్దాయనకు: బుద్ధుణ్ణి తిట్టండి, ప్రశ్నించండి, హాన్ యూ లాగా ఎదురుగా నిలబడండి. జవాబు చెప్తాం. కానీ మీ అవతారాల వరసలో నిలబెట్టి మావాడేనని మాత్రం అనకండి.

బుద్ధుడి గ్రంథాల కోసం చైనా నుంచి నడిచొచ్చిన ఫాహియాన్, ఇక్కడ ఊళ్లోకి వస్తూ కర్ర చప్పుడు చేయాల్సిన చండాలురను చూశాడు. ఆ సంగతి 7వ భాగంలో.

జై భీమ్. నమో బుద్ధాయ.