బడ్జెట్ షీట్‌లో లేని వరస

"సినిమా ఎంతవరకు వచ్చింది?" అని ఎవరడిగినా 14 నెలలపాటు నేను చెప్పిన జవాబు ఒక్కటే. "90 శాతం అయిపోయింది." మా ఆఫీసులోనూ ఇంతే. ఏ ప్రాజెక్టయినా 90 శాతం దాకా పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ చివరి పది దగ్గర కూలబడుతుంది. తేడా ఏంటంటే, ఆఫీసులో ఆ పది శాతానికి మనకి జీతం వస్తుంది. ఇక్కడ మన జీతం పోతుంది.

మాది డాక్యుమెంటరీ. తోలుబొమ్మలాట ఆడే ఒక కుటుంబం గురించి. ధర్మవరం వైపు అనగానే చాలామందికి నిమ్మలకుంట గుర్తొస్తుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది కదా. మేం తీసింది అక్కడ కాదు, అవార్డులూ పేపర్లవాళ్లూ పెద్దగా వెళ్లని ఇంకో ఊళ్లో. ఆ ఊరి పేరు రాయను. పెద్దాయన వద్దన్నాడు. పెద్దాయన అంటే ఆ బృందానికి నాయకుడు, డెబ్బై దాటినవాడు. నేను తాతా అంటాను, ఆయన నన్ను ఏమప్పా అంటాడు.

నేనూ, ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటూ కలిసి మొదలుపెట్టాం. వాడు కెమెరా, నేను సౌండు. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బండెక్కడం, సోమవారం పొద్దున కళ్లు మండుతూ స్టాండప్ మీటింగ్‌లో కూర్చోవడం. రెండేళ్లు ఇలా తిరిగాం. 80 గంటల పైన ఫుటేజీ పోగైంది. అందులోంచి 74 నిమిషాల రఫ్ కట్ నేనే చేశాను. ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ సరిపోయింది కాబట్టి అక్కడిదాకా మా జీతాలతోనే లాక్కొచ్చాం.

డాక్యుమెంటరీ తీయడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. పూర్తి చేయడానికే కావాలి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. సౌండ్ మిక్సింగ్, కలర్ గ్రేడింగ్, సబ్‌టైటిల్స్, మ్యూజిక్, థియేటర్లో వేయాలంటే డీసీపీ, ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు... ఎక్సెల్‌లో వేసి చూస్తే 6 లక్షలు తేలింది. నా ఈఎమ్‌ఐలు పోగా అంత మిగలాలంటే ఇంకో రెండేళ్లు పట్టేది.

క్రౌడ్ ఫండింగ్ పెడుతున్నానంటే మా అమ్మ మొహం మాడ్చుకుంది. "ఉద్యోగం చేసుకుంటూ ఊరి మీద పడి అడుక్కోవడమేంట్రా?" అంది. వినాయక చవితికి రసీదు పుస్తకం పట్టుకుని గేటు గేటుకీ తిరిగినప్పుడు మాత్రం ఏమీ అనలేదు మరి. శ్యామ్ బెనెగల్ 'మంథన్' తీసినప్పుడు గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకున్నారనీ, 1976లో వచ్చిన ఆ సినిమాని బాగుచేసి 2024లో కాన్స్‌లో వేశారనీ చెప్పాను. కేరళలో జాన్ అబ్రహాం ఊళ్లలో జనం దగ్గర పోగుచేసిన డబ్బుతో 'అమ్మ అరియాన్' తీశాడనీ చెప్పాను. "వాళ్లంతా పెద్దోళ్లు" అని తేల్చేసింది.

పెద్దాయనకైతే నేను వివరించక్కర్లేకపోయింది. ఫోన్లో చెప్తే మధ్యలోనే అందుకున్నాడు. "మాకు తెలీనిదా అప్పా! వానలు రాకపోతే ఊరోళ్లు ఆట కట్టమంటారు. ఇంటికిన్ని జొన్నలో, సెనక్కాయలో పోగేసి మాకిస్తారు. ఇయ్యనోడు గూడా వచ్చి సూస్తాడు. రావద్దంటామా?"

ఆ ఇయ్యనోడు గూడా సూస్తాడు అన్న ముక్కే మా క్యాంపెయిన్ వీడియోలో పెట్టాం. బాగా పనిచేసింది.

45 రోజులు. మొదటి వారం స్నేహితులు, కొలీగ్స్, కజిన్స్. తర్వాత మూడు వారాలు శ్మశానం. రోజుకి ఒకరో ఇద్దరో. నేను ఆఫీసులో కోడ్ కంపైల్ అయ్యేలోపు పేజీ రీఫ్రెష్ చేసుకుంటూ కూర్చునేవాణ్ని. పెద్ద మొత్తాలు ఇస్తామన్నవాళ్లు చాలామంది ఫోన్లెత్తడం మానేశారు. ఎప్పుడో ఇంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చుని, తర్వాత ఒక్కసారి కూడా మాట్లాడని అబ్బాయి 500 పంపాడు. చివరి పది రోజుల్లో అలాంటి 500లే మమ్మల్ని ఒడ్డున పడేశాయి. మొత్తం 312 మంది, 6 లక్షల 41 వేలు. ప్లాట్‌ఫామ్ కమీషనూ, దాని మీద 18 శాతం జీఎస్టీ పోగా చేతికొచ్చింది అంతకంటే తక్కువే అనుకోండి.

ఈ పని చేద్దామనుకునేవాళ్లకి ఒక్క మాట. క్యాంపెయిన్ పెట్టాక కాదు, ముందే సీఏ దగ్గరికి వెళ్లండి. మేం తర్వాత వెళ్లాం. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చింది మొత్తం 50 వేలు దాటితే, దాటిన భాగానికి కాదు, మొత్తానికి పన్ను లెక్క కడతారట. అందుకే వచ్చిందాన్నీ ఖర్చునీ సినిమా పేరు మీద విడి ఖాతాలో, బిల్లులతో సహా చూపించాలన్నాడాయన. ఇక అమెరికా డబ్బు. డాలస్‌లో ఉన్న మా సీనియర్‌కి ఇంకా మన పాస్‌పోర్టే కాబట్టి అతను పంపింది విదేశీ విరాళం కాదు. అతని మేనమామ అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఆయన పంపితే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కిందికి వస్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు! మేనమామకి దండం పెట్టి వద్దన్నాం.

లెక్కల విషయంలో నేను చాదస్తుణ్ని. 312 మందికీ షీట్ తెరిచి ఇచ్చాను. టీ ఖర్చు దగ్గర్నుంచీ అందులో ఉంది. ఆ షీట్ చూసి ఒకాయన "మీ కంపెనీవాళ్లు కూడా ఇంత పారదర్శకంగా ఉండరు" అని మెయిల్ పెట్టాడు. రెండు రోజులు గాల్లో తేలాను.

మొదట సౌండు. నేను రికార్డు చేసిందే కాబట్టి తప్పులన్నీ నావే. ఆటలో యుద్ధం వచ్చినప్పుడు తెర వెనక కాళ్ల కింద చెక్కబల్లలు తొక్కుతారు. ధనధనమని ఆ మోత వింటే కూర్చున్నవాడు లేచి నిలబడాలి. నా రికార్డింగ్‌లో దాని మీద జనరేటర్ హోరు పరుచుకుని ఉంది. మిక్సింగ్ చేసినతను మూడు రోజులు కూర్చుని హోరుని పొరలు పొరలుగా తీసి, బల్లల మోతని బయటికి లాగాడు. "బాబూ, నెక్స్ట్ టైమ్ జనరేటర్‌ని ఇంకో వీధిలో పెట్టించండి" అన్నాడు. లక్షా ఎనభై వేలకి నేను నేర్చుకున్న పాఠం అది.

కలర్ దగ్గర ఇంకో చిక్కు. మేకతోలుని గీకి గీకి పలచన చేస్తారు. అందులోంచి దీపం వెలుగు ఇవతలికి రావాలి. రంగు రెండు వైపులా వేస్తారు. నగలూ కిరీటాలూ ఉండేచోట సన్నగా చిల్లులు కొడతారు. ఇప్పుడు తెర వెనక కరెంటు బల్బులు కాబట్టి మా కెమెరాలో అవన్నీ తెల్లగా పేలిపోయాయి. కలర్ చేసే అమ్మాయి రాముడి ఒంటి ఆకుపచ్చని తెచ్చేసరికి సీత మొహం పసుపైపోయేది. సీత మొహం సరిచేస్తే పక్కనున్న బంగారక్క పాలిపోయేది. పెద్దాయనకి వీడియో కాల్ చేసి చూపించాం. "ఆముదం దీపమప్పా మాది. ఆ లైట్లకి అట్లనే ఉంటాది" అన్నాడు. ఆముదం దీపం వెలుగు ఎలా ఉంటుందో చూడ్డానికి ఆ అమ్మాయి ఇంట్లో ఒకటి వెలిగించుకుంది. ఆ తర్వాతే బొమ్మలకి ప్రాణం వచ్చింది.

అసలు సంగతి సబ్‌టైటిల్స్ దగ్గర బయటపడింది.

ఆట తెలుగులో ఆడతారు. మాతో తెలుగే మాట్లాడతారు. కానీ ఇంట్లో వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది మరాఠీకి దగ్గరగా ఉండే భాష. ఎప్పుడో తరాల కిందట అటువైపు నుంచి వచ్చినవాళ్లు. షూటింగ్‌లో మేం దాన్ని పట్టించుకోలేదు. రఫ్ కట్‌లో అలాంటి సీన్లు అయిదారు ఉన్నాయి. ఒకటి నాకు బాగా ఇష్టం. రాత్రంతా మా కోసమే ఆట ఆడారు. తెల్లవారుజామున పెద్దాయన బొమ్మలు ఒక్కోటీ పెట్టెలో సర్దుతుంటాడు. కోడలు పొయ్యి ముందు కూర్చుని ఏదో అంటుంది. ఆయన నవ్వి ఏదో జవాబు చెప్తాడు. నిమిషంన్నర. నేను దాని కింద వేణువు వేశాను. ఇంటి వెచ్చదనం అదీ అని నా ఫీలింగ్.

మా ఆఫీసులో షోలాపూర్ అతను ఒకడున్నాడు. విన్నాడుగానీ సగమే అర్థమైందన్నాడు. చివరికి పెద్దాయన మనవరాలే, అనంతపురంలో డిగ్రీ చదువుతోంది, నిమిషానికి ఇంత అని మాట్లాడుకుని ఆ పని చేసింది. రెండు సీన్లు గబగబా రాసేసింది. మూడోదాని దగ్గర ఆగి ఫోన్ చేసింది. "అన్నా, ఇది కూడా రాయాలా?"

రాయమన్నాను. ఆమె రాసింది ఇది.

కోడలు: "బియ్యం అడుక్కొచ్చాయి. రెండు రాత్రులు పని మానుకుని వీళ్ల కోసం ఆడితే ఎవరిస్తారు?"

పెద్దాయన: "ఊరుకో. చిన్నపిల్లలు. పోయినసారి వచ్చినవాళ్లూ ఇట్లనే తీసుకుని పోయారు. వీళ్లనన్నా అన్నం తిని పొమ్మను."

మేం తిన్నాం. ఆ రోజు తెల్లారాక ఆ పొయ్యి మీద వండిన అన్నమే తిన్నాం. నాకు బాగా గుర్తు, రెండోసారి పెట్టించుకున్నాను కూడా.

ల్యాప్‌టాప్ మూసి ఎక్సెల్ తెరిచాను. జనరేటర్ అద్దె ఉంది. బెంగళూరు నుంచి తెచ్చిన లెన్స్ కొరియర్ చార్జి ఉంది. టీ ఉంది. ఆడినవాళ్ల పేరున వరసే లేదు. 312 మందికి చూపించి నేను మెప్పు పొందిన షీట్ అది. ఆ 312 మందిలో ఒక్కరికీ కూడా ఆ వరస లేదన్న అనుమానం రాలేదు. 'మంథన్' గురించి అమ్మకి అంత గొప్పగా చెప్పానా, అక్కడ డబ్బిచ్చినవాళ్లూ కథలోవాళ్లూ ఒకే జనం. మా దగ్గర వేరు. డబ్బు ఇచ్చినవాళ్లకి రసీదులు పంపాం. రాత్రులు ఇచ్చినవాళ్ల చేత రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టించుకున్నాం. అదీ ఇంగ్లీషులో. పెద్దాయన ఏం రాసుందని అడగలేదు, మేం చెప్పలేదు.

కెమెరా మిత్రుడికీ నాకూ గట్టి గొడవైంది. డాక్యుమెంటరీలో ఉన్నవాళ్లకి డబ్బివ్వకూడదు, ఇస్తే వాళ్ల మాటని కొన్నట్టవుతుంది అని వాడి వాదన. అది కొట్టిపారేసే వాదనేం కాదు, చాలామంది పాటించేదే. కానీ ఆయన ఇచ్చింది ఇంటర్వ్యూ మాత్రమే కాదు. ఏడుగురి బృందం రెండు రాత్రులు పూర్తి ఆట ఆడింది. మా కోసం ఒక బొమ్మ మొదట్నించీ చివరిదాకా చేసి చూపించారు. అది వాళ్ల పని. పనికి కూలి ఉంటుంది. రెండు రోజులు మాట్లాడుకోకుండా ఉండి, మూడో రోజు వాడే "ఎంతో కనుక్కో" అన్నాడు.

కనుక్కున్నాను. సిగ్గు చచ్చిపోయిందిగానీ అడిగాను. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మామూలుగా, ఏ ఊరి పెద్దకో చెప్పినట్టు, ఆటకి ఇంత, బొమ్మకి ఇంత అని చెప్పాడు. మొత్తం 90 వేలు. బేరం ఆడలేదు. ఫెస్టివల్ ఫీజుల్లోంచి సగం కోశాం. మ్యూజిక్‌లో వేణువు ఎగిరిపోయింది, అది ఎలాగూ పోవాల్సిందే. కొత్త అగ్రిమెంటు తెలుగులో రాసి, సినిమాకి ఎప్పుడైనా ఆదాయం వస్తే వాళ్ల వాటా ఎంతో అందులో పెట్టి, మనవరాలి చేత బిగ్గరగా చదివించాం.

డబ్బిచ్చినవాళ్లకి జరిగింది జరిగినట్టు మెయిల్ రాశాను. ఎక్కువమంది జవాబే ఇవ్వలేదు. 25 వేలు ఇచ్చినాయన మాత్రం వెనక్కి అడిగాడు. "కళ కోసం ఇచ్చాను, కూలి కోసం కాదు" అని. మా జేబులోంచి ఇచ్చేశాం. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ నిమిషంన్నర సీను చూడకముందు నేనూ అలాగే మాట్లాడి ఉండేవాణ్నేమో.

ఆ సీను సినిమాలో ఉంది. వేణువు లేకుండా, సబ్‌టైటిల్‌తో. పెడతామంటే కోడలు మొదట ఒప్పుకోలేదు. "నా మాట అంతమంది వినాల్నా?" అంది. పెద్దాయనే "ఉండనీలే" అన్నాడు.

సినిమా పూర్తయ్యాక మొదట వేసింది వాళ్లింటి వాకిట్లోనే. ఆఫీసులో అడిగి తెచ్చుకున్న చిన్న ప్రొజెక్టరు. తెరగా వాళ్ల ఆట తెల్లపంచెలే, రెండు కలిపి కట్టారు. జనరేటర్‌ని ఈసారి పక్క వీధిలో పెట్టించాను. అయిదు నిమిషాలు అయ్యేసరికి పిల్లలు ఒక్కొక్కరే లేచి, వెనకాల ఎవరున్నారో చూడ్డానికి తెర చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టారు. పెద్దాయనకి ముందు వరసలో కుర్చీ వేశాం. కాసేపటికి చూస్తే కుర్చీ ఖాళీ.

తెర వెనక కింద చాప మీద కూర్చుని చూస్తున్నాడు. అటునుంచి రాముడి విల్లు ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మారుతుంది, సబ్‌టైటిల్స్ తిరగబడి కనబడతాయి. ముందుకి రమ్మన్నాను. "నాకిదే అలవాటప్పా" అన్నాడు. కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.